కాల్చని పేలికలు

తమ్ముడు మూత బిగించాడా? లేదా?

మూడేళ్లుగా పెంటప్పకు ఇదే ప్రశ్న. పొద్దున్నే స్నానం చేసి మార్కండేయుడి గుడి మెట్టు మీద నుదురు ఆనిస్తాడు. పక్కవాళ్లు పిల్లల చదువు మొక్కుకుంటారు, వానలు మొక్కుకుంటారు. పెంటప్ప ఏమీ మొక్కుకోడు. అడుగుతాడు అంతే.

బిగించాడా, స్వామీ?

దేవుడు చెప్పడు. తమ్ముడూ చెప్పడు.

ఈ రోజు ఇంకా గుడికి పోలేదు. తెల్లవారుజాము ఐదు దాటింది. జనవరి చలి. రంగు గంగాళం కింద పొయ్యి వెలిగించాలి. పక్కనే గోనె సంచి. మూతి గట్టిగా కట్టి ఉంది. ముడి విప్పి, పైనున్న పేలిక ఒకటి లాగి, పొయ్యి గట్టు మీద పడేస్తాడు. అగ్గిపుల్ల గీస్తాడు.

భగ్గు!

పేలిక అంటుకుంది! పుల్ల ఇంకా పొయ్యిని తాకనే లేదు!

పెంటప్ప వెనక్కి పడతాడు. ముంజేతి వెంట్రుకలు మాడిపోయాయి. చేతికందిన బిందె ఎత్తి కుమ్మరిస్తాడు. పొగ. ఘాటైన వాసన.

పెట్రోలు!

గోనె సంచిని కాలితో వాకిట్లోకి తోస్తాడు. లాంతరు దూరంగా పెట్టి, సంచి బోర్లిస్తాడు.

అవి విమానాల మైదానం నుంచి వచ్చిన పేలికలు. అది 1949. ఊరి బయట, హోట్గి రోడ్ దాటాక ఉన్న ఆ మైదానంలో రోజూ రాత్రి ఒక రెండింజన్ల విమానం ఆగుతుంది. పొద్దున ఏడింటికి జనాన్ని ఎక్కించుకుని హైదరాబాద్ పోతుంది. దాన్ని తుడిచే పేలికలు వారానికోసారి తెలుగు సాలెలుండే ఈ జోడ్‌భావి పేట్‌కు వస్తాయి. నూలుకు రంగు వేశాక గంగాళంలో మిగిలిన వేడినీళ్లలో పెంటప్ప వాటిని ఉడికించి, ఆరేసి పంపుతాడు. ఎప్పుడూ ఉండేది నల్ల నూనె మరకే.

కానీ ఈసారి ఆరు వారాలు సంచి రాలేదు. నిన్న సాయంత్రం ఒక్కసారిగా వచ్చింది.

ఇప్పుడు ఈ పేలికల మీద నలుపు లేదు.

పచ్చ! లేత ఆకుపచ్చ!

నీళ్లు పోసి రుద్దుతాడు. కదలదు. సబ్బు పెడతాడు. కదలదు. ముప్పై ఏళ్లుగా రంగుల్లో చేతులు నానబెట్టిన మనిషి. తన గంగాళంలో పుట్టిన రంగు కాదిది. నీళ్లకు లొంగదు.

ఒకప్పుడు తమ్ముడు సిద్ధరాములు చెప్పిన మాట గుర్తొస్తుంది. విమానం పెట్రోలుకు రంగు కలుపుతారు. ఎవరూ దొంగిలించి లారీలో పోసుకోకుండా!

పేలికలన్నీ వరసగా పరుస్తాడు. సంచి అడుగున ఉన్నది పాతది. పైన ఉన్నది కొత్తది. ప్రతిదాని మీదా ఒక గుండ్రటి మరక. అంచు ముదురు, నడుమ లేత. రంగు బట్ట మీద పాకి ఆరిపోతే ఏర్పడే గుర్తు అది.

అడుగు పేలిక మీద మరక అణా బిళ్లంత.

తరవాతది అరచేయంత.

ఆ తరవాత రొట్టెంత.

పైన ఉన్నవి... తాంబాళమంత!

ఎక్కడో కారుతోంది. రోజురోజుకూ పెరుగుతోంది. ఎవడో రోజూ తుడిచి దాస్తున్నాడు!

ఇంతలో అసలు సంగతి తడుతుంది. చేతిలో పేలిక జారిపోతుంది.

సులోచన!

కూతురు నర్సు పని నేర్చింది. బట్టల వ్యాపారి రాజారాం తల్లి యమునాబాయికి జబ్బు. హైదరాబాద్ ఆస్పత్రికి విమానంలో తీసుకుపోతున్నారు. తోడుగా సులోచన. నాలుగున్నరకే రాజారాం మోటారు వచ్చి ఎక్కించుకుపోయింది. పేటలో మొదటిసారి ఒక ఆడపిల్ల విమానం ఎక్కుతోందని వాడకట్టంతా గుమ్మాల్లో నిలబడి చూశారు. కళ్లు తుడుచుకుంటూ పంపింది తానే!

విమానం ఏడింటికి.

ఇప్పుడు ఐదూ నలభై!

పక్క గదిలో టక్... టక్... సిద్ధరాములు అప్పుడే మగ్గం గుంటలో దిగాడు.

"సిద్ధా! ఇటు చూడు!"

మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె ఆగదు. "ఏంది అన్నా, పొద్దుగాల పొద్దుగాల?"

పెంటప్ప పేలికను పడుగు మీద పరుస్తాడు.

నాడె ఆగింది.

సిద్ధరాములు ముట్టుకోడు. ముక్కు దగ్గరికి తెచ్చుకోడు. చూస్తాడు అంతే.

"ఇసొంటియి ఎన్ని ఉన్నయ్?"

"ముప్పయ్యారు. చిన్నగ మొదలై గింత పెద్దగైనయ్. ఇదేంది, చెప్పు!"

సిద్ధరాములు వేలు మరక అంచు మీద గాలిలోనే తిరుగుతుంది. పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా అంటాడు.

"చెమ్మ అయితే పుస్తకంల రాసి ఎగరొచ్చు. రోజూ కొలుస్తుండాలె. అరగంటల ఎంత పాకిందో చూడాలె. చుక్క పడితే విమానం ఆపాలె. ధార అయితే... ఇంజినే ముట్టియ్యొద్దు."

"మరి ఇది?"

"ధారకు దగ్గర."

"అయితే నడువ్! సులోచన అండ్లనే పోతున్నది!"

సిద్ధరాములు మగ్గం కర్ర పట్టుకుంటాడు.

"నేను ఆ గేటు దాటను అన్నా. నా మాట ఎవడు ఇంటడు? నన్ను చూస్తే నిన్ను గూడ ఇననియ్యరు."

మూడేళ్ల కింద ఆ మైదానంలోనే ఇంకో విమానం రెక్క అంటుకుంది. పైలట్ కాళ్లు కాలిపోయాయి. విచారణ జరిగింది. ట్యాంకు మూత బిగించలేదని తేల్చారు. బిగించవలసిన మనిషి అక్కడ మెకానిక్‌గా చేస్తున్న సిద్ధరాములు. ఆ రోజు ఇంటికొచ్చి మగ్గంలో దిగినవాడు పేట దాటలేదు.

"ఒక్క మాట చెప్పు," పెంటప్ప మగ్గం మీదికి వంగుతాడు. "మూడేండ్ల సంది అడుగుతున్న. మూత బిగించినవా, లేదా?"

సిద్ధరాములు నాడె మళ్లీ చేతిలోకి తీసుకుంటాడు.

"నేస్కో!" పెంటప్ప అరుస్తాడు. "మంచిగ నేస్కో! రేపు నా బిడ్డ మీద కప్పటానికి చద్దర్ కావాలె గదా!"

మాట నోరు దాటాక నాలుక కరుచుకుంటాడు. కానీ నిలబడే టైం లేదు. నాలుగు పేలికలు గుప్పిట పట్టి వీధిలోకి ఉరుకుతాడు.

సందు మొగలో టాంగా. నరసయ్య గుర్రానికి గడ్డి వేస్తున్నాడు.

"హోట్గి రోడ్! జల్దీ!"

"ఏంది పెంటప్ప మామా, కాళ్లకు చెప్పుల్లేవు, చేతిల పేలికలు... మా అత్త ఎల్లగొట్టిందా?"

"నరసిగా, నీ కాళ్లు మొక్కుత, తోలు!"

నరసయ్య నవ్వు ఆగిపోతుంది. కొరడా ఝళిపిస్తాడు.

గుర్రం నాలుగడుగులు పరుగెత్తుతుంది. ఐదో అడుగుకు నడక.

"కొట్టవేందిరా!"

"ముసలిది మామా. కొడితే ఆగుతది. బతిమిలాడితే నడుస్తది."

"అయితే బతిమిలాడు!"

సందులు. మూలమలుపులు. వీధి పొడవునా పడుగు పరిచి గంజి పెడుతున్నారు! దారం తొక్కితే పాపం. చుట్టూ తిరిగి పోవాలి. పెంటప్ప పళ్లు కొరుకుతాడు. అన్ని పొద్దుల్లో ఈ పొద్దే దొరికిందా వీళ్లకు?

ఆరూ ఐదు.

రైలు గేటు.

మూసి ఉంది!

గేటు అవతల గూడ్సు బండి. కదలడం లేదు. అటు చివర కనపడదు, ఇటు చివర కనపడదు.

"ఎప్పుడు పోతది?" పెంటప్ప గేటుమనిషిని అరిచి అడుగుతాడు.

"డ్రైవర్‌ను అడుగు," గేటుమనిషి బీడీ పీల్చి వదులుతాడు. "నాకే చెప్పలే, నీకు చెప్తడా?"

ఒక నిమిషం. రెండు. మూడు. పెంటప్ప టాంగా దిగుతాడు. ఎక్కుతాడు. మళ్లీ దిగుతాడు. మార్కండేయా, యముడిని ఎదిరించినవాడివి, ఒక గూడ్సు బండిని జరపలేవా?

బండి జరగలేదు.

పెంటప్ప వంగి గేటు కిందుగా దూరతాడు. రెండు పెట్టెల నడుమ చక్రాల కిందికి పాకుతాడు!

"మామా! పాగల్ అయినవా!" నరసయ్య కేక.

కంకర మోకాళ్లు చీలుస్తోంది. తల మీద ఇనుము. ఒక పట్టా దాటాడు. ఇంకో పట్టా...

ఖణేల్!

ఎక్కడో ముందు ఇంజిన్ గుంజింది. పెట్టెలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వస్తున్నాయి. ఖణ్... ఖణ్... ఖణ్!

చక్రం కదిలింది!

పెంటప్ప దొర్లుతాడు. ధోతి కొస చక్రం కింద పడింది. చర్రున చిరిగింది. మనిషి బయటపడ్డాడు!

వెనక్కి చూడడు. పరుగు. హోట్గి రోడ్ మీద ఒంటరి పరుగు. యాభై నాలుగేళ్ల రొమ్ము కొలిమితిత్తిలా కొట్టుకుంటోంది.

ఆరున్నర.

మైదానం గేటు. కాపలాదారు రామన్న కర్ర అడ్డం పెడతాడు.

"పేలికలు ఆదివారం గదా పెంటప్పా? ఇయాల బుధవారం."

"రామన్నా, విమానంల నా బిడ్డ ఉన్నది!"

"ఉంటే ఉండనీ. టాటా చెప్పాలంటే తాడు అవతల నిలబడాలె. రూలు!"

పెంటప్ప కర్ర కింద నుంచి దూరి పరుగెత్తుతాడు. "అరే! అరే!" రామన్న కేకలు వెనకపడతాయి.

విమానం ముక్కు పైకెత్తి, తోక నేలకు ఆనించి నిలబడి ఉంది. డ్రమ్ముల్లోంచి చేతిపంపుతో పెట్రోలు ఎక్కించడం అప్పుడే అయిపోయింది. ఎడమ రెక్క కింద ఒక మనిషి వంగి తుడుస్తున్నాడు.

పాండురంగ్. పక్క సందులో సాలెవాళ్ల బిడ్డ. సిద్ధరాములు దగ్గర పని నేర్చుకుని, అతను పని మానేశాక ఆ పనిలోనే కుదిరినవాడు.

పెంటప్ప పేలికలు వాడి మొహాన విసిరికొడతాడు.

"ఇదేందిరా!"

పాండురంగ్ చూస్తాడు. మోకాళ్ల మీద కూలబడతాడు.

"తెలిసే తుడుస్తున్నవా? ఆరు వారాల సంది?"

"మామా, మెల్లగ..."

"మెల్లగనా! సులోచనను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినోనివి నువ్వే గదరా!"

"సులోచన వస్తదని నాకు పొద్దున్నే తెలిసింది మామా." పాండురంగ్ కళ్లలో నీళ్లు. "మేనేజర్ సాబ్‌కు మొదటి రోజే చెప్పిన. ట్యాంకు ఖాళీ జెయ్యాలె, పలక విప్పాలె, అతుకుల మీద పాత లప్పం గీకాలె, కొత్తది పెట్టి ఆరనియ్యాలె. మూడు దినాలు. మూడు దినాలు విమానం నిలబడితే తన కుర్సీ నిలబడదన్నడు. తుడువుమన్నడు. తుడిచిన పేలికలు ఏ రోజుకారోజు కాలబెట్టుమన్నడు."

"మరి కాలబెట్టలేదేం?"

పాండురంగ్ తన చేతుల వంక చూసుకుంటాడు.

"నూలు గదా మామా."

అంతే. పెంటప్పకు ఇంకేం చెప్పనక్కరలేదు. రేషన్లో గజం బట్ట దొరకని కాలం. దాని సంగతి అలా ఉంచినా, నూలును నిప్పులో వేసే చెయ్యి ఆ పేటలో పుట్టలేదు. చినిగిందైనా, చిక్కుపడ్డదైనా. వీడు పేలికలన్నీ డ్రమ్ముల వెనక దాచాడు. దాచే చోటు నిండాక, నిన్న ఎప్పటిలా ఉతకడానికి పంపాడు!

"చెప్పవేం మరి? పైలట్‌కు చెప్పరాదు?"

"నోరు తెరిస్తే సిద్ధరాములు కాకా గతే అన్నడు మామా. ఇంట్ల ఆరుగురం."

పెంటప్ప వాడి భుజం పట్టి లేపుతాడు. "ఎక్కడ కారుతది? చూపెట్టు!"

రెక్క కింద, ఇంజిన్‌కు వెనకగా. పాండురంగ్ సుద్ద పొడి చల్లుతాడు. తడి ఉంటే పొడి తడిసి రంగు చూపుతుంది. ఇద్దరూ వంగి చూస్తారు.

పొడి పొడిగానే ఉంది.

ఒక నిమిషం. రెండు.

పొడిగానే ఉంది!

"మూత చూడు!"

మూత బిగుతుగా ఉంది. చుట్టూ ఒక్క చుక్క లేదు.

"రోజూ ఇంతే మామా! నేను చూస్తే ఉండదు. పోయివచ్చినంక చూస్తే ఇంత మరక!"

పెంటప్పకు తల పగిలేలా ఉంది. దారిలో రైలు, గేటు కాడ కర్ర, ఇప్పుడు ఈ పొడి సుద్ద. ఎవడిదీ మోసం?

రంగు ఎక్కడ కనపడిందో అక్కడ పుట్టదు. నూలు చిలుప ఒక కొస ముంచితే రంగు దారం వెంట నడిచి ఇంకో కొసన చుక్క కడుతుంది. పెట్రోలూ అంతే కదా? లోపల ఎక్కడో అతుకు నుంచి బయలుదేరి, రేకు వెంట నడిచి, ఇంకెక్కడో బయటికొస్తుంది. కదలకుండా ఉంటే నడవదేమో. ఇంజిన్లు ఊపితే?

భుజం మీది కండువా చించుతాడు. నిన్న ఉడికించి ఆరేసింది. గంజి లేదు. చిన్న చుక్కను కూడా తాగేస్తుంది. ఇంజిన్ వెనక, చక్రం పైకి పోయే కంతలో, ఇనుప కడ్డీకి ఆ పీలిక కట్టి ఒక కొస రేకుకు ఆనేలా దోపుతాడు.

"ఎవడ్రా అది!"

మేనేజర్! తెల్ల ప్యాంటు, చేతిలో కాగితాల అట్ట. పేటలో పుట్టినవాడు కాదు కానీ పేట తెలుగంతా వచ్చు.

"సిద్ధరాములు కాకాకు అన్న అయితడు, సాబ్," పాండురంగ్ గొణుగుతాడు.

"ఓహో! మూత మర్చిపోయినోని అన్ననా!" మేనేజర్ నవ్వుతాడు. "ఖాందాన్ మొత్తం ఇంజనీర్లే! రంగులేసేటోడు గూడ విమానం కిందికొచ్చిండు!"

"సాబ్, కారుతున్నది. ఈ పేలికలు చూడుర్రి."

మేనేజర్ పేలికలు చూస్తాడు. కళ్లు పాండురంగ్ మీదికి పోతాయి. ఒక్క క్షణం! ఆ చూపులో అంతా ఉంది. కాల్చలేదన్న సంగతి ఇప్పుడే తెలిసింది.

"సుద్ద తడిసిందా?"

"...లేదు సాబ్."

"మూత?"

"బిగించి ఉంది."

"బస్! ఖతం!" మేనేజర్ పేలికలు లాక్కుని జేబులో కుక్కుకుంటాడు. "ప్యాసింజర్లను ఎక్కించు!"

నిచ్చెన వేశారు. పద్నాలుగు మంది వస్తున్నారు. వాళ్లలో యమునాబాయిని చేయి పట్టి నడిపిస్తూ సులోచన. తెల్ల చీర. ఎన్నడూ లేనంత వెలుగు మొహంలో.

"సులోచనా! ఎక్కకు!"

ఆమె ఆగుతుంది. చిరిగిన ధోతి, రక్తం కారే మోకాళ్లు, సగం కండువా... చూసి నిర్ఘాంతపోతుంది.

"నాయినా! ఏంది ఈ వేషం?"

"బిడ్డా, ఇది కాలుతది! ఇటు రా!"

ప్రయాణికులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. మేనేజర్ నవ్వుతూ వేలు కణత దగ్గర తిప్పి చూపిస్తాడు. "మొదటిసారి గదా. భయపడ్డడు పాపం."

రెండు మూడు నవ్వులు.

సులోచన దగ్గరికొచ్చి గొంతు తగ్గిస్తుంది. "నాయినా, యమునత్తకు ఊపిరి ఆడుతలేదు. ఇయాల పోకపోతే బతకది. ఆమెను ఒక్కదాన్ని ఎట్ల పంపాలె? నువ్వే గదా చెప్పినవ్, పట్టిన చెయ్యి ఇడువొద్దని?"

నిజమే, చెప్పింది తనే.

ఆమె వెళ్లిపోతుంది. తలుపు మూసుకుంటుంది.

"రామన్నా!" మేనేజర్ కేక. "ఈ పిచ్చోన్ని డ్రమ్ముల కొట్టంల ఏసి గొళ్లెం పెట్టు! విమానం లేచినంక ఇడిసిపెట్టు!"

"ఏమనుకోకు పెంటప్పా," రామన్న చెయ్యి పట్టి ఈడుస్తాడు. "రూలు."

ధడాల్! తలుపు. గొళ్లెం.

చీకటి. ఖాళీ డ్రమ్ములు. పెంటప్ప తలుపును భుజంతో గుద్దుతాడు. కదలదు. మళ్లీ గుద్దుతాడు. భుజం విరిగినంత పనైంది. తలుపుకు ఏమీ కాలేదు.

గోడలో జానెడు కిటికీ. డ్రమ్ము దొర్లించుకుని పైకెక్కుతాడు.

యాభై అడుగుల దూరంలో విమానం. దగ్గింది. పొగ కక్కింది. కుడి ఇంజిన్ తిరుగుతోంది. ఎడమది దగ్గుతోంది... తిరిగింది! రేకులన్నీ అదురుతున్నాయి. చక్రం కంతలో తెల్ల పీలిక గాలికి రెపరెపలాడుతోంది.

తెల్లగా.

తెల్లగానే ఉంది.

అంతా తన భ్రమేనా? పద్నాలుగు మంది ముందు బిడ్డ పరువు తీశానా? రాత్రంతా నిద్రలేకుండా ఎదురుచూసి సంతోషంగా ఎక్కిన పిల్ల...

పీలిక కొస రంగు మారింది.

పెంటప్ప కళ్లు నులుముకుంటాడు. తెల్లవారే వెలుగు. వేరే ఎవరికీ తెలియదు. రంగు చూసి బతికే కంటికి తెలుస్తుంది.

పచ్చ!

కొస నుంచి పైకి పాకుతోంది. నాలుగు వేళ్లంత. జానెడు! పీలిక బరువెక్కి ఎగరడం మానేసింది. కొసన చుక్క. ఇంకో చుక్క. చుక్కలు కలిసిపోయాయి...

ధార! దానికి బెత్తెడు దూరంలో ఇంజిన్ పొగగొట్టం, ఎర్రగా కాగుతోంది!

"ఆపండి! పాండూ! ఆపురా!"

రెండు ఇంజిన్ల హోరు. తన గొంతు తన చెవికే వినపడదు. పాండురంగ్ చక్రాల అడ్డుకర్రలు లాగేస్తున్నాడు. వాడి భుజం మీద మేనేజర్ చెయ్యి.

విమానం కదిలింది!

అప్పుడే గొళ్లెం చప్పుడు.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా సిద్ధరాములు! చెమట. వెనక నేల మీద ఎవరిదో సైకిల్ పడి, చక్రం ఇంకా తిరుగుతోంది. గేటు దాటి, కిటికీలో అన్న మొహం చూసి ఇటే వచ్చాడు!

"ఎక్కడ కారుతున్నది అన్నా?"

"ఎడమ ఇంజిన్ ఎనక! ధార కట్టింది!"

సిద్ధరాములు ఒక్క చూపు చూస్తాడు. తల తిప్పి గాలి ఎటు వీస్తోందో చూస్తాడు.

తర్వాత పరుగెత్తుతాడు... విమానానికి ఎదురు దిక్కుగా!

"సిద్ధా! అటు కాదు! ఎక్కడికిరా!"

ఆగడు. ఆఫీసు గది వైపు పోతున్నాడు. మళ్లీ పారిపోతున్నాడు! మళ్లీ!

పెంటప్ప ఏడుస్తూ విమానం వైపు ఉరుకుతాడు. పంకాల గాలి మొహాన దుమ్ము కొడుతుంది. పడతాడు. లేస్తాడు. మేనేజర్ వెనక నుంచి నడుము పట్టుకుంటాడు.

"చస్తవురా ముసలోడా!"

"ఇడువు! నా బిడ్డ!"

విమానం మైదానం కొసకు చేరింది. మలుపు తిరిగింది. ముక్కు ఇటు పెట్టింది. హోరు పెరిగింది. తోక లేవబోతోంది. ఇంక ఒక్క పరుగు... ఒక్క నిమిషం...

ధన్!

తుపాకీ దెబ్బ!

మైదానం అవతల, నిప్పురవ్వలను గాలి విమానం మీదికి తోయని దిక్కున, ఆకాశంలోకి ఎర్రటి నిప్పుబంతి లేచింది. నెత్తురు లాంటి వెలుగు. గడ్డి ఎర్రబడింది. విమానం రెక్కలు ఎర్రబడ్డాయి. మేనేజర్ మొహం ఎర్రబడింది.

ఎర్ర లైటు! ఏ పైలటైనా ఆగి తీరవలసిన గుర్తు!

విమానం బ్రేకులు కీచుమన్నాయి. తోక పక్కకు ఊగింది. ఆగింది. ఒక ఇంజిన్ ఆరింది. రెండోదీ ఆరింది.

నిశ్శబ్దం.

పైలట్ తలుపు తోసుకుని దూకాడు. తిడుతూ దూకాడు. రెక్క కిందికి వంగాడు. తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

"అందర్నీ దింపండి! బీడీలు, అగ్గిపెట్టెలు ఎవరూ ముట్టొద్దు! ఇసుక తెండి!"

జనం దిగుతున్నారు. దూకుతున్నారు. చివరికి సులోచన. యమునాబాయిని వీపు మీద మోస్తూ, ఒక్కొక్క మెట్టూ దిగుతోంది. చెయ్యి విడవలేదు. విమానం కింద గడ్డి మీద పచ్చటి మడుగు పాకుతోంది.

పెంటప్ప కూలబడతాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తనకే తెలియదు.

రాజారాం మోటారు ఇంకా గేటు బయటే ఉంది. యమునాబాయిని అందులో పడుకోబెట్టారు. మిరజ్ ఆస్పత్రికి! సులోచన ఎక్కబోతూ తండ్రి వైపు చూస్తుంది. వంగి నేలను తాకి దండం పెట్టి ఎక్కుతుంది.

"ఎవడు పేల్చిండు!" మేనేజర్ గొంతు చీరుకుపోతోంది. "నా ఆర్డరు లేకుండ నా గదిల పిస్తోలు ఎవడు ముట్టిండు! జైలు! జైలుకు పంపుత!"

దూరం నుంచి సిద్ధరాములు నడిచి వస్తున్నాడు. తొందర లేదు. చేతిలో పొట్టి సిగ్నల్ పిస్తోలు. మూతి నుంచి ఇంకా పొగ.

జేబులోంచి పైకి తేలిన పచ్చ పేలికలను మేనేజర్ లోపలికి కుక్కుకుంటున్నాడు. పైలట్ వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. మెల్లగా పేలికలు బయటికి లాగాడు. పాండురంగ్ తల దించుకుని, ఒక అడుగు ముందుకొచ్చి నిలబడ్డాడు. చెప్పడానికే నిలబడ్డాడు.

సిద్ధరాములు అన్న ముందు ఆగాడు.

"మూత బిగించిన అన్నా."

పెంటప్ప తలెత్తాడు. మూడేళ్ల తరవాత... ఆ ఒక్క మాట!

"మరి ఎన్నడూ చెప్పవేందిరా?"

"మూత కాడ కారలే. అతుకుల కారింది. నాకు తెలుసు అన్నా! ఆ పొద్దు ఈ పిస్తోలు చేతిల పట్టుకుని నిలబడ్డ. సాబ్ పేల్చకుండ లోపల పెట్టుమన్నడు. పెట్టేసిన. ఆ పైలట్ కాళ్లు కాలినయ్. బిగించిన అని ఏ మొహం పెట్టుకుని చెప్పాలె?"

ఏ మెట్టు మీద నుదురు పెట్టి అడగాలో పెంటప్పకు తెలియదు.

సిద్ధరాములు మేనేజర్ వైపు తిరిగాడు. పిస్తోలు మడిచి తెరిచాడు. ఖాళీ తూటా అతని బూట్ల దగ్గర పడి దొర్లింది. ఇంకా వేడిగా ఉంది.

"ఒక్కటే బాకీ ఉండె సాబ్. చిన్న బాకీ. ఒక్క ఎర్ర లైటు."

పిస్తోలును అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"ఇగో. ముట్టజెప్పిన."